‘నైపుణ్యం’: పదసాధుత్వం, ప్రయోగసాధుత్వం

ఒక పరిశోధన సమీక్షా సమావేశంలో నా అధ్యాయం చిత్తుప్రతిపై రెండు చోట్ల ‘నైపుణ్యత’ అన్న మాటను ఎర్రసిరాతో కొట్టివేసి ‘నైపుణ్యం’ అని దిద్దారు. ఆ దిద్దుబాటు న్యాయమైనదే. అదే పుటలో నేను రాసిన ‘కృష్ణా డెల్టాలోని నైపుణ్యం లేని వ్యవసాయ కూలీలు’ అన్న పదబంధం మీద మాత్రం ఏ గీతా పడలేదు. మొదటిది తప్పు, రెండవది ఒప్పు అన్న ఈ తీర్పును ప్రశ్నించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మొదటి తప్పులో ఒక ప్రత్యయం ఎక్కువైంది. రెండవ తప్పులో మనుషుల విద్య లెక్కలోకి రాకుండా పోయింది. తెలుగు శాఖలుగా మనం మొదటిదానిపై చూపే శ్రద్ధను రెండవదానిపై చూపడం లేదు.

ముందుగా పదసాధుత్వం సంగతి. ‘నిపుణ’ శబ్దానికి భావార్థంలో తల్ ప్రత్యయం చేరితే ‘నిపుణత’ అవుతుంది. ష్యఞ్ ప్రత్యయం చేరితే ఆదివృద్ధి కలిగి ‘నైపుణ్యం’ అవుతుంది. ష్యఞ్ వల్లనే భావార్థం సిద్ధించిన తరువాత దానిపై మళ్ళీ ‘త’ చేర్చడం పునరుక్తి. ప్రావీణ్యత, ప్రాముఖ్యత, ప్రాధాన్యత అన్న రూపాలదీ ఇదే స్థితి. అయితే వాడుకలో పాతుకుపోయిన రూపాలను సంస్కృత వ్యాకరణంతో ఎందుకు కొలవాలన్న అభ్యంతరం ఉంది. గిడుగు రామమూర్తి వాదం విన్న భాషలో దానిని తేలికగా తోసివేయలేం. నేను ‘నైపుణ్యం’ అనే రాస్తాను, విద్యార్థులకూ అదే చెబుతాను. కాని ‘నైపుణ్యత’ అన్నవారి వాక్యంలో అర్థానికి భంగం లేదు. వినేవారికి వేరొక అర్థం తోచదు. అంటే అది రూపానికి సంబంధించిన దోషం మాత్రమే.

ఇక ప్రయోగసాధుత్వం. ‘నైపుణ్యం’ సాపేక్ష పదం. ‘ఆయనకు నైపుణ్యం ఉంది’ అంటే వినేవారు ‘ఎందులో?’ అని అడుగుతారు. చెక్కడంలో, అద్దకంలో, పద్యం చదవడంలో అని ‘లో’తో ఒక పనిని చూపినప్పుడే ఆ వాక్యం నిండుతుంది. సంస్కృతంలోనూ అంతే. ‘కుశల’ శబ్దంతో షష్ఠీ సప్తములను విధించే పాణిని సూత్రానికి (2.3.40) కాశికావృత్తి చూపిన ఉదాహరణ చాప అల్లడంలో కుశలుడైన మనిషి. వ్యాకర్తకు నేర్పు అనగానే గుర్తుకు వచ్చినది చేతిపని. పైగా ష్యఞ్‌ను విధించే సూత్రం (5.1.124) ఆ ప్రత్యయానికి భావార్థంతో పాటు కర్మార్థాన్ని కూడా చెబుతుంది, నిపుణ, కుశల శబ్దాలు రెండూ బ్రాహ్మణాది గణంలో ఉన్నాయి. కనుక ‘నైపుణ్యం’ నిపుణుని గుణమే కాదు, నిపుణుడు చేసే పని కూడా. ‘నైపుణ్యత’ను కొట్టివేయడానికి ష్యఞ్‌ను ఆశ్రయించే మనం అదే ప్రత్యయం చెప్పే ఈ రెండవ అర్థాన్ని విస్మరిస్తున్నాం.

అచ్చతెలుగు ఇంకా స్పష్టంగా ఉంది. నేర్చుకోవడం, నేర్పడం, నేర్పు ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ‘నేర్పు’ నామంగా కౌశలం, క్రియగా బోధన. ఒకరు నేర్పగా మరొకరికి అబ్బినదే నేర్పు అన్న ఎరుక ఆ రూపంలోనే ఉంది. మన వాక్యనిర్మాణమూ గమనింపదగినది. ఈత వచ్చు, మగ్గం పని వచ్చు అంటాం. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ ఒక కుర్రవాడిని మెచ్చుకుంటే ‘వీడికి పని వచ్చింది’ అంటాడు. ‘నైపుణ్యాలను కలిగి ఉన్నాడు’ అనడు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను బొమ్మగా మలిచి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అంగాలను అతికే మనిషిని గురించి ‘చేయి తిరిగినవాడు’ అంటాం. పనితనం, ఒడుపు, లాఘవం అన్న మాటలన్నీ ఏదో ఒక పనిని ఆనుకొనే బతుకుతాయి.

ఈ నేపథ్యంలో ‘నైపుణ్యం లేని కూలీ’ అన్న పదబంధాన్ని చూడాలి. ఎందులో లేని నైపుణ్యం? అందులో ‘లో’ లేదు. పనిని చెప్పకుండా లేమిని మాత్రం చెప్పడం వల్ల, ఆ మనిషికి ఏ పనిలోనూ నేర్పు లేదన్న సర్వనిషేధం ఏర్పడుతుంది. ఇది ‘అన్‌స్కిల్డ్’ అన్న ఆంగ్ల విశేషణానికి చేసిన ముక్కస్యముక్క అనువాదం. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో ఆ విశేషణం శారీరక శ్రమకు చేరింది. ప్రత్యేక శిక్షణ లేకుండా ఏ వయోజనులైనా చేయగల పని అని దాని నిర్వచనం. మన రాతల్లో ఆ విశేషణం పనిని వదిలి మనిషిపైకి జారింది. ‘లేని’ అన్న విశేషణం తన తరువాతి నామాన్ని పట్టుకుంటుంది. ‘పని’ ఉండవలసిన చోట ‘కూలీ’ని నిలిపినది మనమే.

డెల్టాలో ఊడ్పుల పనిని దగ్గరగా చూసినవారికి ఆ నిర్వచనమూ నిలవదని తెలుస్తుంది. ఆకుమడిలో వేరు తెగకుండా ఆకు తీయాలి, మట్టి దులిపి కట్టలు కట్టాలి. నడుము వంచి వెనక్కు నడుస్తూ కుదురుకు ఇన్ని మొక్కలని చేతి కొలతతోనే నాటాలి. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి, పైపైన పెడితే మొక్క నీటిలో తేలుతుంది. కోత తరువాత కుప్ప వేయడంలో వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి ఉంచి వాన నీరు దిగకుండా కట్టడం మరొక విద్య. తుఫాను కాలంలో ఏడాది పంట ఆ విద్య మీదే ఆధారపడుతుంది. మా అమ్మమ్మ దివిసీమలో నలభై ఏళ్ళు ఊడ్పులకు వెళ్ళింది. కొత్తగా వచ్చిన పిల్లలను ఇద్దరు పెద్దల నడుమ నిలిపి పని నేర్పేది. ఆమెను గురించి ‘నైపుణ్యం లేని’ అని రాసినది నేనే. దానిని దిద్దవలసిన అవసరం సమావేశంలో ఎవరికీ తోచలేదు.

ఇది పాలనా పరిభాష, దానిని మార్చే అధికారం సాహిత్య విద్యార్థికి లేదని అనవచ్చు. నిజమే, 2019 వేతనాల కోడ్‌లోనూ అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అన్న వర్గాలు ఉన్నాయి. వాటిని నేను మార్చలేను. కాని చట్టం చేసిన వర్గీకరణను చట్టం మాటగా చెప్పడం వేరు, లోకసత్యంగా మన గొంతుతో చెప్పడం వేరు. ‘అన్‌స్కిల్డ్ వేతన వర్గంలో చేర్చిన కూలీలు’ అంటే లెక్కించినవారు ఎవరో తెలుస్తుంది. ‘ప్రత్యేక శిక్షణ అక్కరలేదని చట్టం భావించిన పని’ అన్నా ఇబ్బంది లేదు. అంతకంటె మేలు, పనిని దాని పేరుతోనే చెప్పడం: ఊడ్పు కూలీలు, కుప్ప కూలీలు, కాలువ పూడిక తీసేవారు.

కొందరు దీనిని మర్యాద కోసం మాటలు మార్చడంగా తీసిపారేయవచ్చు. మర్యాద పేరుతో అసత్యాన్ని రాయమని నేను అనడం లేదు. ఊడ్పు వచ్చిన మనిషికి నేర్పు లేదనడమే అసత్యం. శ్రామిక జీవితాన్ని చిత్రించిన కథలు, నవలల మీద సిద్ధాంతవ్యాసాలు రాస్తున్న శాఖల్లో ఈ అసత్యం విశ్లేషణ పరిభాషగా చెలామణి కావడం పరిశోధన లోపం. పాత్ర చేతిలోని పనిని రచయిత పుటలకొద్దీ వర్ణిస్తే, ఆ పాత్రను ‘నైపుణ్యం లేని’ మనిషిగా పరిచయం చేసే పరిశోధకుడు ఆ పుటలను చదవనట్టే.

కనుక సిద్ధాంతవ్యాసాలను దిద్దేవారికి నా విజ్ఞప్తి ఒక్కటే. ‘నైపుణ్యత’ కనిపిస్తే తప్పక దిద్దండి. ‘నైపుణ్యం లేని’ అన్నది కనిపిస్తే పక్కన ‘ఎందులో?’ అని రాయండి. దానికి సమాధానం చెప్పలేని వాక్యాన్ని తిరిగి రాయించండి. నా అధ్యాయంలో ఆ వాక్యాన్ని నేను ఇప్పటికే మార్చుకున్నాను.