రుచి మిగిలిన చాలునా?

మన సంఘములందు కొంతకాలముగా ఒక మాట వినబడుచున్నది. "పిల్లలకు తెలుగు చదువుట రాకున్న నేమి? గోంగూర, ఆవకాయ, బొబ్బట్టు ఇంట నిలిచియున్నవి గదా! భాష పోయినను రుచి మిగిలిన చాలును" అని పెద్దలే సెలవిచ్చుచున్నారు. ఈ మాట నమ్మియే ఉగాది సభలలో పద్యపఠనమునకు పది నిమిషములు, విందునకు రెండు గంటలు కేటాయించుచున్నాము. వడ్డన జరుగుచుండగా "మాయాబజార్" చిత్రములోని వివాహభోజనపు పాటను తెరపై వేసి, సంస్కృతిని రక్షించితిమను తృప్తితో తాంబూలము స్వీకరించుచున్నాము. ఈ అభిప్రాయము నిరాధారమనియు, మన వంటి ప్రవాసకుటుంబములకు అపాయకరమనియు మా వాదము.

మెట్రిక్ వరకు చదివి గుమాస్తాపనిలో జీవితము గడపిన మేము పండితులము కాము. కాని వంటను, భోజనమును కీర్తించిన చలనచిత్రములను, దేశదేశముల వానిని, ఆసక్తితో చూచినవారము. పెద్దల మాటకు వానిలో నెక్కడనైన సాక్ష్యము లభించునేమో యని వెదకితిమి. లభించినదంతయు ప్రతిసాక్ష్యమే.

ముందుగా మన చిత్రమునే చూతము. 1957లో వెలువడిన "మాయాబజార్" మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో రూపొందినది. తమిళనాట స్థిరపడిన తెలుగువారికి అది పెరటిపంట. ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావుగారి నటనను మెచ్చనివారెవ్వరు? అయితే ఆ పాటలోని ఆనందమంతయు తినువానిది. వండినవారి ఊసు లేదు. హాస్యమునకు అదియే చాలును గనుక అది చిత్రమునకు దోషము కాదు. ఆ పాటనే మన సంస్కృతికి పతాకముగా ఎత్తుట మన దోషము. వండినవారిని తలపని విందు రాక్షసమాయలో చెల్లును గాని సంసారములో చెల్లదు.

ఇక డెన్మార్కు చిత్రమగు "బాబెట్స్ ఫీస్ట్". కారెన్ బ్లిక్సెన్ వ్రాసిన కథ నాధారముగా గొని 1987లో గాబ్రియేల్ ఆక్సెల్ తీసినది. 1871 నాటి పారిస్ కల్లోలము నుండి పారివచ్చిన యొక స్త్రీ, సముద్రతీరపు పల్లెలో ఇరువురు సోదరీమణుల ఇంట 14 సంవత్సరములు వంట చేయును. లాటరీలో తనకు వచ్చిన 10,000 ఫ్రాంకులను 12 మందికి పెట్టిన ఒక్క విందునకే వెచ్చించును. నిష్ఠాపరులైన పల్లెవారు భోజనమును గూర్చి పెదవి విప్పరాదని ముందే ఒట్టు పెట్టుకొందురు. వచ్చిన వారిలో ఒక సేనాధిపతి మాత్రము, పూర్వము పారిస్‌లో భుజించినవాడగుటచే, కౌజుపిట్టల వంటకమును గుర్తించి, దానిని కల్పించిన పాకకళాధురీణ యొకతె పారిస్‌లో ఉండెడిదని చెప్పును. తక్కినవారికి రుచి దక్కినది. అతనికి రుచితోబాటు దాని చరిత్రయు దక్కినది. ఈ భేదము నాలుకలో లేదు, ఎరుకలో ఉన్నది. పేరు తెలియని రుచి గొంతు దిగువరకే నిలుచును.

మనకు మిక్కిలి దగ్గరి చిత్రము 1996లో అమెరికాలో స్టాన్లీ టూచీ, కాంప్‌బెల్ స్కాట్ కలిసి తీసిన "బిగ్ నైట్". ఇటలీ నుండి వలసవచ్చిన అన్నదమ్ములిద్దరు 1950ల నాటి న్యూజెర్సీలో భోజనశాల నడుపుదురు. రిజొట్టో యను బియ్యపు వంటకముతో స్పగెట్టి కూడ కావలెనని ఒకామె కోరగా అన్న మండిపడును. అన్నములో అన్నము కలుపుకొని తినుట వంటిదే గదా యది! ఎదుటి హోటలువాడు అడిగినదెల్ల వడ్డించి ధనవంతుడైనాడు. పరాయినేలపై ఎంతవరకు మారవలెను, ఎచ్చట నిలువవలెను అను మన ప్రశ్నయే వారిది. చిత్రాంతమున, కలహించిన అన్నదమ్ములు గ్రుడ్డట్టు తిని మాటాడకయే ఒకరి భుజముపై నొకరు చేయి వేయుదురు. "చూచితిరా, మాట అక్కరలేదు!" అని మన పెద్దలు అందురేమో. అయ్యా! ఆ మౌనము ఒకే భాష గలవారి మౌనము. మాటలున్నవారు మాటాడకుండుట వేరు. తాతకును మనుమనికిని ఉమ్మడి మాటయే లేకుండుట వేరు.

1994లో ఆంగ్ లీ తైవానులో తీసిన "ఈట్ డ్రింక్ మ్యాన్ వుమన్" కూడ ఇదియే చెప్పుచున్నది. నలభీములను తలపించు తండ్రి ప్రతి ఆదివారము ముగ్గురు కుమార్తెలకు బల్లనిండ వడ్డించును. కాని వారి మధ్య మాట పెగలదు. వండు తండ్రికే నాలుక రుచి ఎరుగదు. 2013లో రితేష్ బత్రా తీసిన "ది లంచ్‌బాక్స్" మా బోటి గుమాస్తాల హృదయమును తాకినది. బొంబాయిలో ఒక ఇల్లాలు పంపిన క్యారియరు దారితప్పి, ఉద్యోగవిరమణకు సిద్ధముగానున్న గుమాస్తాకు చేరును. కూర మాత్రమే చేరియుండిన యెడల కథ ఒక్క పూటతో ముగిసియుండును. డబ్బాలో చీటీ కూడ పోవుటచే రెండు జీవితములు కదలినవి. మన బిడ్డల డబ్బాలలో కూర ఉన్నది. తెలుగున చీటీ వ్రాసి పెట్టిన, చదువగలవారెందరు?

తాలింపును కన్నడిగులు ఒగ్గరణె యందురు. తమిళులు తాళిప్పు, ఒడియావారు ఛుంక, మహారాష్ట్రులు ఫోడణి యందురు. ఇరుగుపొరుగు మాట నేర్చుట మనకు లాభమే. మన మాట జారవిడుచుటయే నష్టము. "అన్నము ఉమ్మగిల్లనిమ్ము" అనుటలో మూత తీయకుము, త్వరపడకుము అను బోధ యున్నది. ఆ మాట పోయిన ఆ ఓర్పును పోవును. భాషను విడిచి రుచిని దాచబూనుట జాడీని పగులగొట్టి ఊరగాయను దాచబూనుట వంటిది.

వేరొక సంగతి చెప్పక తప్పదు. 2021లో జియో బేబి తీసిన మలయాళచిత్రము "ది గ్రేట్ ఇండియన్ కిచెన్" వంటింటిని కీర్తింపదు. ఆ రుచులకు వెల ఎవరు చెల్లించుచున్నారో చూపును. తరుగుట, రుబ్బుట, వండుట, ఎంగిలి తీయుట, కారుచున్న తూము క్రింద నీరెత్తుట, ఇవియే క్రొత్తకోడలి దినచర్య. చూచి కొందరు మగవారు కోపించిరి. మేము సిగ్గుపడవలెననుచున్నాము. "రుచి మిగిలిన చాలును" అనుటకు అసలు అర్థమేమి? బడి పెట్టుట, పుస్తకము కొనుట, సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి చదివించుట మేము చేయజాలము. సంస్కృతిభారమంతయు ఆడువారు పొయ్యివద్ద మోయుదురు గాక యనియే గదా! ఆ ఆడువారికి మన ఉగాది విందులో దొరకునది కడపటి పంక్తి.

కావున కార్యవర్గములకు మా విన్నపములు మూడు. ప్రతి ఇంటి బిడ్డయు అమ్మమ్మ, నాయనమ్మల వంటలలో ఒక్కటైనను వారినోట విని, తెలుగులిపిలో స్వహస్తముతో వ్రాయవలెను. సంఘపు విందును స్త్రీపురుషులు కలిసి వండవలెను. వండినవారి పేర్లను వేదికపై చదివి, వారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టవలెను. ఏడాదికొక్కసారి పైచిత్రములలో ఒకదానిని ప్రదర్శించి, పిమ్మట చర్చను తెలుగులోనే నడుపవలెను. వీనికి విందుఖర్చులో పదియవ వంతైనను అక్కరలేదు. వచ్చు ఉగాదికే ఆరంభింపరాదా?