కెమెరా నిలబెట్టే ముందు ఆ నేల ఎవరిదో అడగండి

శ్రావణ ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ప్రీవెడ్డింగ్ షూట్లు, లఘుచిత్రాలు, ఆల్బమ్ పాటలు అంటూ హైదరాబాద్‌లో తెల్లవారకముందే కెమెరాలు రోడ్డెక్కుతున్నాయి. ట్యాంక్‌బండ్ మీద, దుర్గం చెరువు తీగల వంతెన మీద, పార్కుల్లో, మూసీ ఒడ్డున ఎక్కడ చూసినా కుర్రాళ్లే. పనంటే ప్రాణం పెట్టేవాళ్లే. కానీ వాళ్లలో చాలామంది చేతిలో అనుమతి కాగితం ఉండటం లేదు. పైగా వానాకాలం. జరగరానిది జరిగాక సంతాపం రాయడం కంటే ఇప్పుడే రెండు మాటలు గట్టిగా చెప్పడం మేలు.

"పబ్లిక్ ప్లేసే కదా, మన పన్నులతో కట్టిందే కదా, ఎవర్ని అడగాలి?" అంటున్నారు. నడవడానికి, కూర్చోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. లైట్లు నిలబెట్టి, జనరేటర్ దించి, వచ్చేపోయేవాళ్లను ఆపి పనిచేయాలంటే అడిగి తీరాలి. ఇదంతా రుసుము గుంజడానికేనని అనుకోకండి. ఆ స్థలంలో మీ కంటికి ఆనని సంగతులు దాన్ని రోజూ చూసుకునేవాళ్లకు తెలుస్తాయి. ఏ స్తంభానికి కరెంటు పాకుతోందో, ఏ మ్యాన్‌హోల్ మూత కదులుతోందో, పైనుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారో వాళ్లనే అడగాలి. దరఖాస్తు పెట్టుకుంటే ఆ మాట చెప్పడానికి వాళ్లకూ ఒక అవకాశం ఉంటుంది.

2014 జూన్ 8ని మన ఊళ్లో చాలా ఇళ్లు మరిచిపోలేదు. హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది నీళ్లలో కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. ఆ పిల్లలకు ఆ సంగతి తెలియదు. వాళ్లది తప్పని నేననను. నది మాత్రం, తెలియదన్నవాళ్లను వదిలిపెట్టదు. మన మూసీ సంగతీ అంతే. ఊళ్లో చినుకు పడకపోయినా ఎగువన వికారాబాద్ వైపు కుండపోత కురిస్తే చాలు, గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వస్తుంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి అలా వదిలిన నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చేశాయి. బస్టాండునే ముంచిన నీళ్లకు మీ ట్రైపాడ్లు ఒక లెక్కా? ఆ గేట్లు జలమండలి చేతిలో ఉంటాయి. మూసీలో దిగి షాట్ తీయాలని ఎవరికైనా ఉంటే ముందు అక్కడికి ఫోన్ చేయండి. వాళ్లు వద్దంటే ఆ షాట్ వదిలేయండి.

"వద్దన్నారుగానీ, అయిదు నిమిషాల పనే" అనుకున్నవాళ్ల కథ ఒకటి సినిమావాళ్లంతా తెలుసుకోవాలి. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 'మిడ్‌నైట్ రైడర్' అనే సినిమా యూనిట్ రైలు వంతెన మీద మంచం వేసి షూటింగ్ మొదలుపెట్టింది. పట్టాల మీద తీయడానికి రైల్వే కంపెనీ ఒప్పుకోలేదు. రెండు రైళ్లు వెళ్లిపోయాయి, ఇక రావనుకున్నారు. మూడోది వచ్చింది. కెమెరా సహాయకురాలు సారా జోన్స్ అక్కడికక్కడే చనిపోయింది. ఆమె వయసు 27. దర్శకుడు నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు, సినిమా ఆగిపోయింది. మన దగ్గర కూడా పట్టాల మీదికి అక్రమంగా వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అయినా రీల్స్ కోసం వెళ్తూనే ఉన్నారు.

అనుమతి ఉన్నా జాగ్రత్త లేకపోతే ఫలితం లేదు. 2016 నవంబరు 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలోకి ఒక కన్నడ సినిమా కోసం ముగ్గురు హెలికాప్టర్‌లోంచి దూకారు. కథానాయకుడికి లైఫ్ జాకెట్ ఉంది, బతికాడు. జాకెట్లు లేని మిగతా ఇద్దరు నటులూ మునిగిపోయారు. ఆ జాకెట్ ఖరీదు ఎంతని!

తికమక ఎక్కడంటే, హైదరాబాద్‌లో అన్ని జాగాలూ ఒకరివి కావు. ఇందిరా పార్కుకు జీహెచ్ఎంసీని అడగాలి, నెక్లెస్ రోడ్డుకు హెచ్ఎండీఏని. కేబీఆర్ పార్కు లోపలంతా అటవీ శాఖది. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ అధీనంలో ఉన్నాయి. ఒక శాఖ ఇచ్చిన కాగితం పక్క శాఖ జాగాలో చెల్లదు. రోడ్డు మీద బండ్లు ఆపాలంటే ట్రాఫిక్ పోలీసుల ఎన్వోసీ వేరుగా తెచ్చుకోవాలి. డ్రోన్ ఎగరేయాలంటే, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాపు ముందు చూడాలి. 250 గ్రాముల లోపు చిన్న డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజమే, అంతమాత్రాన అనుమతి లేనిదే ఎగరకూడని రెడ్ జోన్‌లో ఎగరేయొచ్చని కాదు. బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లలో విమానాలు తిరుగుతుంటాయి. విశాఖలోనూ నావికాదళం విమానాలు తిరుగుతాయి. ఆర్కే బీచ్‌లో షూటింగ్ పెట్టుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పర్మిషన్ తెచ్చిపెడతామనే మధ్యవర్తులతో మరీ జాగ్రత్త. "ఆఫీసులో మనవాడున్నాడు, అంతా నేను చూసుకుంటా" అన్నాడంటే మీ మనసులో అనుమానం మొదలవ్వాలి. రుసుము తన ఫోన్ నంబరుకే పంపమంటాడు. వాట్సాప్‌లో వచ్చిన లెటర్ మీద ఫైలు నంబరు ఉండదు, తేదీ దగ్గర అక్షరాలు ఒక తీరున, మిగతావి ఇంకో తీరున ఉంటాయి. చలానా అడిగితే రేపిస్తానంటాడు. వాచ్‌మన్ చేతిలో అయిదొందలు పెట్టి గేటు తీయించుకోవడం కూడా అనుమతి కిందికి రాదు. తేడా వస్తే పాపం ఆ వాచ్‌మన్ ఉద్యోగం పోతుంది, మీమీద కేసు పడుతుంది. నిర్లక్ష్యం వల్ల ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది.

లొకేషన్‌లో కొన్ని చూడగానే పని ఆపేయాలి. వీధి దీపం స్తంభంలోంచి లైట్‌మన్ వైరు లాగుతున్నాడా? తడి నేల మీద కేబుల్ జాయింట్ టేపు చుట్టి వదిలేశారా? వంతెన మీద అమ్మాయి పట్టుచీరతో పిట్టగోడ ఎక్కుతోందా? పొగ డబ్బా వెలిగించిన చోట ఎండుటాకులున్నాయా? వెనక్కి నడుస్తూ గింబల్ పట్టుకున్న కుర్రాడి వెనక ఎవరూ లేరా? ఆ కుర్రాడి భుజం పట్టుకుని నడిపించే మనిషి ఒకరు ఉండి తీరాలి. ముహూర్తం దాటిపోతోందని ఫొటోగ్రాఫర్‌ను తొందరపెట్టే పెద్దలు కూడా ఒక్క క్షణం ఇవి చూడండి.

అధికారులకూ ఒక విన్నపం. చిన్న యూనిట్ ఫైలును వారాల తరబడి బల్ల మీద పెట్టుకుంటే ఆ పిల్లలు రాత్రిపూట గోడ దూకుతారు. మీరు తొందరగా చెప్పే "వద్దు" కూడా వాళ్లకు మేలే.

ఈ వారంలో షూటింగ్ ఉన్నవాళ్లు ముందుగా జాగా ఎవరిదో తేల్చుకోండి. తేదీ, వేళ, మనుషుల సంఖ్య, బండ్లు, జనరేటర్, నీళ్లు, నిప్పు, డ్రోన్ ఏదీ దాచకుండా దరఖాస్తులో రాయండి. రుసుము ఆఫీసు ఖాతాలోనే కట్టి రసీదు తీసుకోండి. అనుమతి చేతికొచ్చాక షరతుల పేజీని యూనిట్ అందరికీ చదివి వినిపించండి. అనుమతి రాకపోతే తేదీ మార్చుకోండి.