వైద్య పరిశోధనకు డబ్బు ఎవరిస్తున్నారు? సంతకం పెట్టేముందే అడగండి

మీ పాప చదివే హాస్టల్‌కు ఆరోగ్య సిబ్బంది వచ్చారు. చేతిలో టీకా కార్డులున్నాయి. వాటిపై ప్రభుత్వ లోగో ఉంది. మీరేమనుకుంటారు? సర్కారు టీకాయే కదా అనుకుంటారు. పదిహేనేళ్ల కిందట ఉమ్మడి ఖమ్మం జిల్లాలో అలాగే అనుకున్నారు.

అసలేం జరిగింది?

2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. ఇది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా. జిల్లాలో సుమారు 14 వేల మందికి వేశారు. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలూ ఉన్నారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి దీన్ని చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలను తయారీ కంపెనీ మెర్క్ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి ప్రాజెక్టే నడిచింది.

కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారాలు కేంద్రం వేసిన విచారణ కమిటీకి దొరకలేదు. తప్పు మరోచోట బయటపడింది. ఇక్కడ పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వాటిపై సంతకం హాస్టల్ వార్డెన్లదే. 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. విదేశీ సంస్థ ప్రాజెక్టుకు జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ లోగో వాడటాన్ని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో తప్పుపట్టింది. సంఘం చేసిన ఆరోపణలను పాత్ ఖండించింది.

వ్యాసంలో ఎందుకు రాస్తారు?

వైద్య పత్రికల్లో వచ్చే పరిశోధన వ్యాసాల చివర నిధులు ఎవరిచ్చారో రాస్తారు. అధ్యయనం రూపకల్పనలో, ఫలితాల విశ్లేషణలో ఆ దాతకు పాత్ర ఉందో లేదో కూడా చెప్పాలన్నది అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల నియమం. డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు. ఎవరిదో తెలిస్తే ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో చదివేవారు తేల్చుకోగలరు. అందుకే ఆ నియమం.

కానీ ఆ వ్యాసం వచ్చేది పని అయిపోయాక. అదీ ఇంగ్లిష్‌లో. చదివేది డాక్టర్లు. చేయి చాచి సూది వేయించుకున్న పాపకు, ఆమె తల్లిదండ్రులకు అందులో దొరికేది ఏమీ లేదు. ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన ప్రకారం నిధుల మూలాన్ని పరిశోధనలో పాల్గొనేవారికి ముందే చెప్పాలి. పత్రికకు చెప్పడం ఒక బాధ్యత, ఊరికి చెప్పడం మరో బాధ్యత. మొదటిది చేసినంత మాత్రాన రెండోది తీరిపోదు.

మీరేం చేయవచ్చు?

ఎవరైనా పరిశోధన అంటూ వస్తే ఈ నాలుగూ అడగండి:

- ఇది ప్రభుత్వ కార్యక్రమమా, పరిశోధనా?
- డబ్బు ఎవరిది? మందు లేదా టీకా ఎవరిచ్చారు?
- వద్దంటే మాకు అందే వైద్యం ఆగుతుందా? (ఆగకూడదు.)
- ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఖర్చు ఎవరు భరిస్తారు?

జవాబులు తెలుగులోనో, మీ ఇంటి భాష కోయలోనో చెప్పమనండి. ఔషధ పరీక్ష అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో దాని వివరాలు ఉండాలి. 2009 జూన్ 15 నుంచి ఈ నమోదు తప్పనిసరి. నిధులు, సామగ్రి ఎవరిచ్చారో చెప్పే గడి కూడా అందులో ఉంటుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వివరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి చదువుకున్న వారెవరితోనైనా చదివించుకోండి.

ఒక్క మాట మరవద్దు. ఇది హెచ్‌పీవీ టీకా వద్దని చెప్పడం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేస్తోంది. 9-14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించింది. ఒకసారి దాచిన విషయం తర్వాత మంచి టీకాపైనా అనుమానం పెంచుతుంది. ముందే చెబితే ఆ అనుమానానికి తావుండదు.