డోర్నకల్‌కు రెండో దారి ఏది?

2024 సెప్టెంబర్ 1 తెల్లవారేసరికి కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరదకు కట్ట కింది మట్టి, కంకర కొట్టుకుపోయి రైలు పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడాయి. అదే సమయంలో విజయవాడ పక్కన బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్‌ను ముంచెత్తింది. మధ్యలో ఉన్న డోర్నకల్ జంక్షన్‌కు అటు కాజీపేట, ఇటు విజయవాడ రెండూ దూరమయ్యాయి. వందలాది రైళ్లు రద్దయ్యాయి. ట్రాక్‌మెన్, కాంట్రాక్టు కూలీలు బురదలో రాత్రింబవళ్లు పనిచేసి 4వ తేదీకి మళ్లీ రైలును కదిలించారు. వాళ్ల శ్రమను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ తెగిన కట్టను త్వరగా పూడ్చడం వేరు, కట్ట తెగినా జనం బతుకు ఆగకుండా చూడటం వేరు. ఈ రెండో సంగతిని మన ప్రభుత్వాలు ఇంకా పట్టించుకోలేదు.

నిజాం కాలంలో, 1880ల చివర్లో, సింగరేణి బొగ్గు కోసం పడిన లైనే డోర్నకల్‌ను జంక్షన్‌ను చేసింది. ఇవాళ్టికీ మణుగూరు, కొత్తగూడెం బొగ్గు రైలెక్కి బయటికి రావాలంటే కారేపల్లి మీదుగా డోర్నకల్‌కే రావాలి. సత్తుపల్లి గనుల కోసం కొత్తగా వేసిన లైను కూడా ఈ బ్రాంచిలోనే కలుస్తుంది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. అదీ వస్తే ఈ జంక్షన్ మీద బరువు ఇంకా పెరుగుతుంది. దక్షిణాదిని ఢిల్లీతో కలిపే ప్రధాన మార్గం ఎలాగూ ఇక్కడి నుంచే పోతుంది.

కాజీపేట, విజయవాడ మధ్య మూడో లైను వస్తోంది కదా అనవచ్చు. అవసరమే, రద్దీ తగ్గుతుంది. అయితే అదీ పాత లైన్ల పక్కనే, అవే వాగుల మీదుగా సాగుతుంది. వరద వస్తే మూడు లైన్లూ ఒకేసారి చిక్కుతాయి. ఆనాడు కొన్ని రైళ్లను గుంటూరు, బీబీనగర్ మీదుగా మళ్లించారు కానీ అది సింగిల్ లైను, ఎన్ని రైళ్లని మోస్తుంది? దాని డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. నా దృష్టిలో డోర్నకల్‌కు అసలైన రక్షణ పక్కన పడే మూడో లైను కంటే దూరంగా పడే ఆ రెండో లైనే. ముందు దాన్ని పూర్తి చేయాలి.

కరోనా నేర్పిన పాఠం ఇంకొకటి. అప్పుడు పట్టాలకు ఏమీ కాలేదు, మనుషులకు అయింది. లాక్‌డౌన్‌లోనూ గూడ్సు బళ్లు ఆగలేదు. లోకో పైలట్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు డ్యూటీకి వస్తూనే ఉన్నారు. డ్యూటీ ఎక్కేముందు ఊదే బ్రీత్ అనలైజర్‌ను పక్కన పెట్టారు. కానీ ఒకరు లేచిన మంచం మీద మరొకరు పడుకునే రన్నింగ్ రూములను ఎలా పక్కన పెడతారు? 2021 మే నాటికి 1,952 మంది రైల్వే ఉద్యోగులు కొవిడ్‌తో చనిపోయారని సాక్షాత్తూ రైల్వే బోర్డు ఛైర్మనే చెప్పారు. సిగ్నల్ క్యాబిన్‌లో ఒకరు మంచాన పడితే ఆ పని తెలిసిన ఇంకొకరు ఉన్నారా? కరెంటు సబ్‌స్టేషన్‌లో, మిషన్ భగీరథ తాగునీటి పంప్‌హౌస్‌లో ఉన్నారా? కాంక్రీటు లెక్కలు వేసే ఇంజినీర్లు ఈ లెక్క కూడా వేయాలి.

ఆ 2021 మేలోనే తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమై 11 మంది ప్రాణాలు పోయాయి. ఆక్సిజన్ దారిలోనే ఉంది, సమయానికి చేరలేదు. ఇదే డోర్నకల్ వైపు ఆలోచిస్తే భయమేస్తుంది. ఇక్కడ రోగం ముదిరితే మహబూబాబాద్ పోవాలి, లేదంటే ఖమ్మం, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి. ఆకేరు, మున్నేరు పొంగితే ఆ దారులన్నీ ఒకేరోజు మూసుకుపోవచ్చు. గార్ల దగ్గర పాకాల ఏరు చెక్‌డ్యాం మీదుగా పొర్లితే రాంపురం వైపు ఊళ్లు, తండాలు మండల కేంద్రానికే రాలేవు. నెలలు నిండిన గర్భిణి ఆ ఒడ్డున ఉంటే 108 అంబులెన్స్ ఈ ఒడ్డున ఆగిపోవాల్సిందే. మహమ్మారి, వరద వంతులవారీగా రావు. 2020 ఆగస్టులో వరంగల్ నగరం నీట మునిగినప్పుడు కరోనా వార్డులు రోగులతో నిండే ఉన్నాయి.

కష్టకాలంలో ఆగిన సేవలు తిరిగి ఎవరికి ముందు అందుతాయన్నది కూడా ఇందులో భాగమే. లాక్‌డౌన్‌లో ఆపేసిన ప్యాసింజర్ బళ్లను తర్వాత ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో నడిపారు. 10 రూపాయల కనీస టికెట్ 30 అయింది, 2024 ఫిబ్రవరి దాకా తగ్గలేదు. గుండ్రాతిమడుగు, పాపటపల్లి లాంటి స్టేషన్లలో ఎక్కే కూలీలకు, పాలు, కూరగాయలు అమ్ముకునేవాళ్లకు ఆ 20 రూపాయలు చిన్నవి కావు. బొగ్గు రైలు ఎంత అత్యవసరమో ప్యాసింజర్ బండీ అంత అత్యవసరమని రైల్వే రాసిపెట్టుకోవాలి.

విపత్తులను తట్టుకునే మౌలిక వసతుల కోసం ప్రపంచ దేశాల కూటమిని 2019లో ముందుండి ఏర్పాటు చేయించింది మన దేశమే. ఆ చొరవ కేసముద్రం కల్వర్టు దాకా రావాలి. కట్ట కింది తూములన్నిటినీ ఇప్పటి వానల లెక్కతో మళ్లీ కొలవాలి. పైనున్న చెరువులు తెగితే నీళ్లు ఎటు మళ్లుతాయో రైల్వే, నీటిపారుదల శాఖ కలిసి పటం గీయాలి. ఏరు దాటాల్సిన ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో జూన్‌కు ముందే మందులు, ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్, దానికి బ్యాటరీ ఉండాలి. నెలలు నిండినవాళ్లను, డయాలసిస్ రోగులను వాన హెచ్చరిక రాగానే ఇవతలి ఒడ్డుకు తెచ్చి ఉంచే బాధ్యత పేరు పెట్టి ఒక అధికారికి అప్పగించాలి. ఆ అధికారి ఫోన్ నంబరు రాంపురం పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.