శ్రీకూర్మపు స్తంభములు

పుస్తకములలో గ్రీకుల పార్థెనాన్ పటమును చూచి ఆశ్చర్యపడు మన బాలురు, శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మనాథాలయ స్తంభముల యెదుట నొక నిమిషమైన నిలువరు. స్వామి పశ్చిమాభిముఖుడనియు, ధ్వజస్తంభములు రెండనియు అందఱు నెఱుగుదురు. మంటపస్తంభములపైని శాసనములనో? చదువువారేరి?

మధ్వాచార్యుల శిష్యుడగు నరహరితీర్థులు యోగానందనృసింహాలయమును గట్టించిన వార్త 1281వ సంవత్సరపు శాసనమున నిక్కడనే కలదు. అఖండదీపములకు దానమిచ్చినవారి పేళ్లును కలవు. అట్టి రాతిపై మేకుతో తన పేరు గీయుట చరిత్రను చెఱుపుటయే!

నాటి లిపి నేటిది కాదు, నిజమే. ఉపాధ్యాయులు నాలుగక్షరములు చూపినచో బాలురు తక్కినవి కూడబలుకుకొందురు. విహారయాత్రకు పులిహోర మూట మోయువారికి ఒక కాగితము, పెన్సిలు బరువగునా? ఈ యేడు ఒక్క స్తంభమునైన వ్రాసికొని రావలెను.