గోడ మీద బీడీ లేబుళ్లు

అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ ఖాళీ వైన్ సీసాల లేబుళ్లను వేన్నీళ్లలో నానబెట్టి ఊడదీసింది. వాటిని ఒక చెక్క పలక మీద అంటించి, పైన వార్నిష్ కొట్టి, హాల్లో వేలాడదీసింది. వాట్సాప్‌లో ఫొటో చూసి మా అత్తమ్మ "ఇల్లా, వైన్స్ దుకాణమా?" అన్నది. మా సిరిసిల్ల దిక్కు వైన్స్ అంటే దుకాణమే మరి!

నాకు మాత్రం ఆ పని నచ్చింది. దాన్ని డికూపాజ్ అంటారు. ఫ్రెంచిలో కత్తిరించడం అనే మాట నుంచి వచ్చింది. 18వ శతాబ్దంలో వెనిస్ ధనవంతులు చైనా, జపాన్ లక్క సామాన్లు ఇంట్లో పెట్టుకునేవాళ్లు. అంత స్తోమత లేనివాళ్ల కోసం అక్కడి పనివాళ్లు అచ్చు బొమ్మలు కత్తిరించి చెక్క మీద అతికి, పైన పూత మీద పూత వేసేవాళ్లు. దానికి పేదల లక్క అని పేరు. ఈ సంగతి చదివాకే నాకు మా కోరుట్ల ఇల్లు మతికొచ్చింది. మా ఇంట్లో దాచిన కాగితాలంటే బీడీ లేబుళ్లే.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలో ఏ వాడకు పోయినా గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనబడేవాళ్లు. మగవాళ్లు దుబాయికో, బొంబాయికో పోతే ఇల్లు నడిపింది ఆ చాటే. రాత్రి తునికాకు తడిపి పెట్టాలి, పొద్దున రేకు పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. కట్టకు 25. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. కూలి వెయ్యికి ఇంతని లెక్క. మా ఫీజులు, అక్క పెళ్లి, అన్నీ ఆ వెయ్యిలోంచి వచ్చినవే.

ఖాళీ కట్టల లేబుళ్లు మేం పిల్లలం ఏరుకొచ్చి పుస్తకాల్లో పెట్టుకునేవాళ్లం. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు, గుండ్రటి చట్రంలో యజమాని ఫొటో, నకిలీలను నమ్మొద్దని ఒక ముక్క. అవే ఇప్పుడు మా హాల్లో ఉన్నయి.

"పెళ్లి సంబంధానికి వచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటరు?" అని మా ఇంట్లోనే అన్నరు. పిల్ల ఇంజినీరింగ్ చదువుతుంటే గోడకు బీడీలేంటని. నా మాట ఒకటే. ఆ చదువుకు మూలం అమ్మమ్మ చాట అయినప్పుడు ఆ సంగతి దాచే సంబంధం మాకొద్దు. వైన్ లేబుల్ పెడితే ఫ్యాషన్, బీడీ లేబుల్ పెడితే నామోషీ అంటే నేనొప్పుకోను.

ఇంకో మాట అంటారు, పొగాకును గోడకెక్కించి గొప్ప చేస్తున్నావని. అందులో న్యాయం ఉంది. అందుకే కొత్త లేబులు కూడా ఒకటి పెట్టిన. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్ మీద 85 శాతం జాగా హెచ్చరిక బొమ్మకే పోయింది. కుర్రాళ్లు వద్దన్నా దాన్ని నడిమధ్యలో అతికిన. తాగేవాళ్ల సంగతి అట్లుంచితే, చుట్టేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి కూడా ఆ దుమ్మే పోయింది. అమ్మ దగ్గు విన్న ఎవ్వరూ బీడీని గొప్ప చేయరు.

నాకు అసలు గుచ్చుకున్నది వేరు. ఇన్ని లేబుళ్లలో ఒక్కదాని మీదా చుట్టిన మనిషి లేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే ఆమెను కూడా కార్మికురాలే అన్నది. ఆసరాలో బీడీ కార్మికుల పింఛను 2019లో నెలకు 2016 రూపాయలు అయింది. కాగితాల్లో ఆమె ఉంది, కట్ట మీదే లేదు. అందుకని అమ్మ గుర్తింపు కార్డులోని ఫొటో జిరాక్స్ తీసి, యజమాని ఫొటో కొలతకే గుండ్రంగా కత్తిరించి, పక్కన పెట్టిన.

మీరూ చేస్తానంటే నేరుగా గోడ మీద వద్దు, వానాకాలం చెమ్మకు లేస్తయి. ప్లైవుడ్ ముక్క తీసుకోండి. పాత లేబుళ్ల రంగు తడికి కారుతుంది, ముందు ఒక చినిగిన దాని మీద చూడండి. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి పలుచగా పూసి, నడుమ నుంచి అంచులకు గుడ్డతో నెమ్మదిగా అదిమితే బుడగలు రావు. పూర్తిగా ఆరినంకనే వార్నిష్, ఒక పూత ఆరినాక ఇంకొకటి. నేను నాలుగు వేసిన.

మా ఆడబిడ్డ ఫొటో చూసి రెండు లేబుళ్లు పంపమన్నది. వైన్ లేబుళ్ల పక్కన పెడుతుందట. జిరాక్సులు పంపుత, అసలువి ఇయ్య.