జెండా కంటే ముందు నీళ్లు

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే ముప్పై కిలోమీటర్ల దూరంలో వచ్చే ఇబ్రహీంపట్నానికి ఆ పేరూ, పెద్ద చెరువూ రెండూ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నుంచే వచ్చాయి. ఏళ్ల తరబడి నెర్రెలిచ్చి ఉన్న ఆ చెరువు 2022 వానలకు నిండి మత్తడి దుంకింది. రాజధాని పక్కన నీళ్లున్న చెరువు కనబడితే ఈ రోజుల్లో ముందుగా గుర్తొచ్చేవి బోట్లు, రిసార్టులే. ఆయకట్టు ఆ తర్వాతి మాట. పర్యాటకం వద్దని మేం అనడం లేదు. అయితే నీటి నాణ్యతకూ, వాగులూ కాలువలకూ, చెరువు మీద బతికేవాళ్ల హక్కులకూ కలిపి బహిరంగ ప్రమాణం ఒకటి ఉండాలి. దాన్ని అందుకున్న చెరువుకే గుర్తింపు ఇవ్వాలి, ఏటా తనిఖీ చేయాలి, తప్పితే గుర్తింపును వెనక్కి తీసుకోవాలి. అది లేకుండా రాష్ట్రంలో ఏ చెరువు కట్ట మీదా ఒక్క టికెట్ కూడా అమ్మకూడదన్నది మా స్పష్టమైన అభిప్రాయం.

ఇలాంటి గుర్తింపు ఏం చేయగలదో విశాఖపట్నంలోని రుషికొండ బీచ్ చూపించింది. 1985లో ఫ్రాన్స్‌లో మొదలైన బ్లూ ఫ్లాగ్ గుర్తింపును కోపెన్‌హాగెన్ కేంద్రంగా ఉన్న ఫౌండేషన్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ ఇస్తుంది. నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, పర్యావరణ విద్య, భద్రత-సేవలు అనే నాలుగు పద్దుల కింద 33 ప్రమాణాలు ఉంటాయి. 2020 అక్టోబరులో మన దేశంలో తొలి విడతగా ఎనిమిది బీచ్‌లకు ఈ జెండా దక్కింది. తెలుగు తీరం నుంచి వాటిలో చోటు సంపాదించింది రుషికొండ ఒక్కటే. ఈ గుర్తింపు శాశ్వతం కాదు, ఏటా మళ్లీ సంపాదించుకోవాలి. నిర్వహణ గాలికి వదిలేశారన్న ఫిర్యాదులు వెళ్లాక 2025 మార్చి మొదట్లో రుషికొండలో జెండా దిగిపోయింది. అంతవరకూ పట్టించుకోని యంత్రాంగం ఒక్కసారిగా కదిలింది. లోపాలు సరిదిద్దాక వారాల్లోనే జెండా తిరిగొచ్చింది. ఇచ్చిన గుర్తింపును లాక్కోగలిగినప్పుడే దానికి విలువ ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అదే రుషికొండ ఈ గుర్తింపు పరిమితినీ బయటపెట్టింది. బీచ్‌లో జెండా ఎగురుతున్న కాలంలోనే పక్కనున్న కొండను పర్యాటక ప్రాజెక్టు పేరుతో తవ్వారు. ఆ వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్, హైకోర్టు దాటి 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొండకు ఏమవుతోందన్న ప్రశ్న జెండా పరిధిలోకి రాలేదు. బీచ్‌లో నీళ్లు బాగున్నాయా, ఇసుక మీద చెత్త ఉందా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా అన్నంత వరకే దాని చూపు. పైగా ఈ గుర్తింపు తెచ్చుకోవడం కోసమే కేంద్రం 2020 జనవరిలో తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలను కొంత సడలించి, అలల పోటు గీతకు పది మీటర్ల అవతల కొన్ని సదుపాయాలు కట్టుకోవడానికి వీలు కల్పించింది. పర్యావరణానికి ఇచ్చే పతకం కోసం పర్యావరణ నిబంధననే తగ్గించుకోవడం సరైన దారి కాదు. కాబట్టి బ్లూ ఫ్లాగ్‌ను ఉన్నది ఉన్నట్టు చెరువులకు తెచ్చి తగిలిస్తే సరిపోదు. దాని కాఠిన్యాన్ని తీసుకోవాలి, దాని పరిధిని మాత్రం పెంచాలి.

చెరువుకు ఆ పరిధి కట్ట దగ్గర ఆగదు. ఇబ్రహీంపట్నం చెరువు బతుకంతా దానికి నీళ్లు మోసుకొచ్చే ఫిరంగి నాలా మీద, పైనున్న గొలుసుకట్టు కుంటల మీద ఆధారపడి ఉంది. ఒకవైపు ఆదిభట్ల పరిశ్రమలు, మరోవైపు ఇంజినీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ వెంచర్లు పెరుగుతున్నాయి. నాలా పూడిపోతే చెరువు ఎండుతుంది, నాలాలోకి మురుగు వదిలితే చెరువు కుళ్లుతుంది. రెండో దానికి హుస్సేన్‌సాగర్ మన కళ్ల ముందే ఉంది. నెక్లెస్ రోడ్డు వచ్చింది, లుంబినీ పార్కు వచ్చింది, 1992లో బుద్ధ విగ్రహం నిలబడింది, బోట్లు తిరుగుతున్నాయి. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగును మాత్రం వీటిలో ఏదీ ఆపలేదు. ముందు హంగులు, తర్వాత నీళ్లు అన్న వరుస తప్పని నగరం నడిబొడ్డునే తేలిపోయాక అదే తప్పును శివారులో మళ్లీ చేయడం క్షమించరానిది.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం, కాలుష్య నియంత్రణ మండలి ఉండగా మరో తనిఖీ ఎందుకన్నది. చట్టం ఉంది, నిజమే. కానీ కట్ట మీద నిలబడ్డ మనిషికి నీళ్లు ఎలా ఉన్నాయో అది చెప్పదు. బ్లూ ఫ్లాగ్ బీచ్‌లో పరీక్షల ఫలితాన్ని బోర్డు మీద పెట్టి తీరాలి. ప్రమాణాల్లోనూ తేడా ఉంది. స్నానాల నీటిలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫాం బ్యాక్టీరియా 500 లోపు ఉండటం మంచిదంటూనే మన నిబంధనలు 2,500 దాకా అనుమతిస్తాయి. సముద్రపు బీచ్‌లలో బ్లూ ఫ్లాగ్ ఈ-కోలికి పెట్టిన హద్దు 250. రెండో అభ్యంతరం, ఇంత పట్టుబడితే పెట్టుబడులు రావని, కుర్రాళ్లకు ఉపాధి పోతుందని. ఉపాధి అవసరాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ కంపు కొట్టే చెరువు దగ్గర హోటల్ ఎన్నాళ్లు నడుస్తుంది? నీళ్లు చెడితే బోటు నడిపేవాడికీ, చేపలు పట్టేవాడికీ ఒకేసారి కూడు పోతుంది. ఇక ఇవన్నీ విదేశీ కొలమానాలనే మాట. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల తొలి జాబితాలో భూదాన్ పోచంపల్లిని చేర్చినప్పుడు రాష్ట్రమంతా గర్వపడింది. మెప్పు వచ్చినప్పుడు మనదై, ప్రశ్న వచ్చినప్పుడు పరాయిదయ్యే కొలమానం ఉండదు. ఆ గుర్తింపుకు పునాది నేతన్న మగ్గమే తప్ప రిసార్టు కాదన్న సంగతి కూడా మరవకూడదు.

అందుకే రాష్ట్ర ప్రభుత్వం చెరువుల పర్యాటకానికి సొంత గుర్తింపు విధానం తేవాలి, దాన్ని ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుతోనే మొదలుపెట్టాలి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మేర (ఎఫ్‌టీఎల్) హద్దురాళ్లు పాతి, శిఖం భూమిని, ఫిరంగి నాలాను కబ్జాల నుంచి విడిపించడం మొదటి షరతు కావాలి. నెలనెలా నీటి పరీక్ష జరిపి ఫలితాన్ని తెలుగులో కట్ట మీద బోర్డు పెట్టి రాయాలి. తనిఖీ కమిటీలో అధికారులతో పాటు మత్స్య సహకార సంఘం, ఆయకట్టు రైతులు, మున్సిపాలిటీ ప్రతినిధులు ఉండాలి, గుర్తింపును నిలిపివేయమనే అధికారం వాళ్ల చేతిలో ఉండాలి. ప్రమాణం తప్పిన నెల బోట్లు ఆగాలి, టికెట్ల కౌంటర్ మూతపడాలి. టికెట్ల ఆదాయంలో నిర్ణీత వాటా నాలాల పూడికతీతకే వెళ్లాలి. ఈ షరతులకు ఒప్పుకోలేని ప్రాజెక్టు ఎంత పెద్దదైనా, ఎవరు తెచ్చినా, దాన్ని వెనక్కి పంపే హక్కు ఇబ్రహీంపట్నం ప్రజలకు ఉంది. ఆ హక్కును కాగితం మీద రాసి ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.